సహజ సంకర ఆర్కిడ్లు

రెండు వేర్వేరు జాతుల ఆర్కిడ్ల మధ్య మనిషి చేయి పడకుండా, కీటకాల వల్ల పరాగసంపర్కం జరిగి పుట్టే మొక్కను సహజ సంకర ఆర్కిడ్ అంటారు. ఆర్కిడ్ కుటుంబంలో సుమారు 28,000 జాతులున్నాయి. భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో వెలువరించిన లెక్క ప్రకారం మన దేశంలో ఉన్నవి 1,256. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్కిడ్లు చూడాలంటే తూర్పు కనుమలకు, ముఖ్యంగా పాడేరు, అరకు, మారేడుమిల్లి వైపు వెళ్లాలి. నల్లమలలోనూ వాండా, అకాంపే, హబెనేరియా, యూలోఫియా వంటి ప్రజాతులు ఉన్నాయి. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతాలైన ఆదోని, ఎమ్మిగనూరు మాత్రం ఆర్కిడ్ల సీమ కాదు. నల్లరేగడి చేలు, రాతిగుట్టలు, ముళ్లపొదలు, ఒకటి రెండు నెలలకు మించి నిలవని తేమ ఇక్కడి సంగతి. చిత్రమేమిటంటే, సంకరం అనే ప్రక్రియను రోజూ చేత్తో చేసే కూలీలు, దాని ఫలాన్ని క్వింటాళ్లలో తూచే వ్యాపారులు ఉన్న చోటు కూడా ఇదే. అందుకే ఈ వ్యాసంలో ఆర్కిడ్లతో పాటు ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి, వేరుశనగల ప్రసక్తి కూడా వస్తుంది.

పువ్వు నిర్మాణం, సంకరానికి దారి

మామూలు పువ్వులో కేసరాలు, కీలం వేర్వేరుగా ఉంటాయి. ఆర్కిడ్‌లో అవి కలిసిపోయి ఒకే స్తంభంగా ఏర్పడతాయి. పుప్పొడి పొడిగా రాలదు. మైనం వంటి ముద్దలుగా ఉంటుంది. ఈ ముద్దల అడుగున జిగురు బిళ్ల ఉంటుంది. కీటకం పువ్వులో దూరి వెనక్కి వచ్చేటప్పుడు బిళ్ల దాని వీపుకో తలకో అంటుకుని, ముద్దలు మొత్తంగా ఊడి వస్తాయి. తర్వాతి పువ్వులో సరైన చోట తగిలితే ఒక్క దెబ్బకు కాయలోని అండాలన్నీ ఫలదీకరణం చెందుతాయి. ఒక కాయలో వేలకొద్దీ, కొన్ని జాతుల్లో లక్షలకొద్దీ విత్తనాలుంటాయి. అవి ధూళికణాల్లా ఉంటాయి, లోపల తిండి నిల్వ ఉండదు. మొలకెత్తాలంటే తగిన శిలీంధ్రం వచ్చి ఆహారం అందించాలి. అందువల్ల లక్ష విత్తనాల్లో ఒకటో రెండో మొక్కలైతే గొప్ప.

ఈ ఏర్పాటులో సంకరానికి అడ్డూ ఉంది, దారీ ఉంది. ఒక్కో జాతి పువ్వు ఒక్కో రకం కీటకానికి సరిపడేలా ఉంటుంది. ముద్దలు కీటకం ఒంటి మీద ఎక్కడ అంటుకుంటాయన్నదీ జాతిని బట్టి మారుతుంది. ఇవన్నీ బయటి కాపలాలు. ఐరోపాలోని ఒఫ్రిస్ ఆర్కిడ్లు ఆడ తేనెటీగ రూపాన్ని, వాసనను అనుకరించి మగ ఈగను మోసగిస్తాయి. ఆ మోసం ఎంత కచ్చితంగా ఉంటుందంటే ఒక్కో ఒఫ్రిస్‌కు ఒకటి రెండు జాతుల ఈగలే వస్తాయి. ఈగ పొరబడి పక్క జాతి పువ్వు మీద వాలిందా, లోపల ఆపేవాళ్లు లేరు: కాయ కడుతుంది, విత్తనం మొలుస్తుంది. అన్ని ఆర్కిడ్లకూ ఇది వర్తించదు. తేనె ఉందని భ్రమపెట్టి రకరకాల ఈగల్ని పిలిచే మధ్యధరా ఆర్కిడ్లలో బయటి కాపలా వదులు, క్రోమోజోముల స్థాయిలో లోపలి కాపలా గట్టి. కాపలా ఏదో ఒక చోట ఉండి తీరాలి. లేకపోతే రెండు జాతులు రెండుగా మిగలవు.

కాపలా ఎక్కడుందన్న ప్రశ్నతో పాటు మరో రెండు షరతులున్నాయి. తల్లిదండ్రులు రెండూ ఒకే చోట పెరగాలి, ఒకే కాలంలో పూయాలి. మేఘాలయలోని ఖాసీ కొండల ప్లియోనే ఆర్కిడ్లు దీనికి చక్కటి ఉదాహరణ. ప్లియోనేల్లో చాలా జాతులు వసంతంలో పూస్తాయి. ప్లియోనే మాక్యులాటా, ప్లియోనే ప్రీకాక్స్ మాత్రం శరదృతువులో పూస్తాయి. లాజెనేరియా అనే మొక్కను 19వ శతాబ్దంలో ప్రత్యేక జాతిగా వర్ణించారు. అది ఈ శరత్కాలపు రెండింటి సంకరమని తర్వాత తేలింది. అందుకే ఇప్పుడు దాని పేరు మధ్యలో గుణకార చిహ్నం పెట్టి ప్లియోనే × లాజెనేరియా అని రాస్తారు. వృక్షశాస్త్రంలో సంకరాలకు పెట్టిన జాతి పేరు ముందు సాధారణంగా ఈ × గుర్తు పెడతారు.

అనుమానం నుంచి రుజువు దాకా

ఆర్కిడ్లు అడవిలో సంకరమవుతాయన్న మాట మొదట్లో వృక్షశాస్త్రజ్ఞులకు రుచించలేదు. 1853లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ లిండ్లే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక ఫెలనాప్సిస్‌ను చూసి, ఇది ప్రత్యేక జాతి కాదు, అక్కడే పెరిగే తెల్ల పువ్వుల జాతికీ చిన్న గులాబీ పువ్వుల జాతికీ పుట్టినదై ఉండవచ్చని ఊహించాడు. దానికి ఫెలనాప్సిస్ ఇంటర్మీడియా అని పేరు పెట్టాడు. రుజువుకు మూడు దశాబ్దాలు పట్టింది. ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీలో పనిచేసే జాన్ సీడెన్ ఆ రెండు జాతుల్ని చేత్తో సంకరపరిచాడు. 1886లో పూసిన పువ్వు లిండ్లే వర్ణించిన దానితో సరిపోయింది. సహజ సంకరాన్ని నిర్ధారించడానికి ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క మార్గం ఇదే: మళ్లీ చేసి చూడటం.

అదే నర్సరీలో అంతకుముందే, 1856లో, జాన్ డొమినీ పెంచిన కలాంథె మొక్క పూసింది. మనిషి చేత్తో చేసిన ఆర్కిడ్ సంకరాల్లో పూలు చూసిన మొదటిది అదే. ఎక్సెటర్‌లోని జాన్ హారిస్ అనే వైద్యుడు ఆర్కిడ్ పువ్వులో కేసరం ఎక్కడ, కీలాగ్రం ఎక్కడ అన్నది వివరించి డొమినీకి దారి చూపాడు. అప్పటిదాకా తోటమాలులకు ఆ స్తంభంలో ఏది ఏమిటో తెలియదు. 1862లో చార్లెస్ డార్విన్ ఆర్కిడ్ల ఫలదీకరణంపై పుస్తకం రాశాక ఈ పరిజ్ఞానం అందరిదీ అయింది. అప్పటి నుంచి నర్సరీలు లెక్కలేనన్ని సంకరాలు తయారు చేశాయి. వాటి ముందు అడవిలో పుట్టినవి గుప్పెడు. కానీ శాస్త్రానికి ఆ గుప్పెడే ఎక్కువ పనికొచ్చింది. తోటలో కుదిరే కలయిక అడవిలో ఎందుకు కుదరదో అవే చెబుతాయి.

వాండా: కోరమాండల్ నుంచి

తెలుగు నేలకూ ఆర్కిడ్ చరిత్రకూ ఉన్న పెద్ద ముడి వాండా టెస్సెల్లాటా. మైదానాల్లోనూ తక్కువ ఎత్తు కొండల్లోనూ చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. లావుపాటి గాలివేళ్లు, సన్నటి మడత ఆకులు, పసుపాకుపచ్చ రేకుల మీద గోధుమ రంగు గళ్లు, నీలి ఊదా పెదవి దీని గుర్తులు. మంచి వాసన ఉంటుంది. ఎండను తట్టుకోవడంలో ఆర్కిడ్లలో ఇది గట్టిది. ఊళ్లలో చెట్టు మీద మొలిచిన దానినల్లా బదనిక అనేస్తారు గానీ, ఇది ఆసరా ఇచ్చిన చెట్టు రసం తాగదు. వానచుక్కను, గాలిలోని తేమను వేళ్లతోనే పట్టుకుంటుంది. రాస్నా పేరుతో దీని వేళ్లను మూలికల వ్యాపారంలో అమ్మడం వల్ల చాలా చోట్ల తగ్గిపోయింది.

దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1781 నుంచి సామర్లకోటలో ఉండి, అక్కడే తోట వేసి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. 1795లో లండన్‌లో మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఇది ఎపిడెండ్రమ్ టెస్సెల్లాటమ్ అనే పేరుతో ఉంది. బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారులు. పేరు మాత్రం దొరది. 1820లో రాబర్ట్ బ్రౌన్ దీన్ని ఆధారంగా చేసుకునే వాండా ప్రజాతిని స్థిరపరిచాడు. అంటే ప్రపంచంలో ఏ వాండా ఆర్కిడ్ అయినా వాండానా కాదా అని తేల్చేటప్పుడు పోల్చాల్సిన మూల నమూనా ఈ జాతి.

ఇది సంకరాలకు సులువుగా లొంగుతుంది. ఖాసీ కొండల్లో 1837లో విలియం గ్రిఫిత్ కనుగొన్న నీలి వాండా, అంటే వాండా సెరూలియా, వెయ్యి మీటర్లకు పైబడిన చల్లటి కొండలది. టెస్సెల్లాటా కింది వెచ్చటి నేలలది. ఈ రెండింటి సంకరంగా నమోదైన మొక్కకు 19వ శతాబ్దం చివర జేమ్స్ ఓబ్రియన్ వాండా అమోనా అని పేరు పెట్టాడు. కొండ వాలు మీద ఒకదాని సరిహద్దు మరొకదాని సరిహద్దుకు తగిలే చోటే ఇలాంటివి పుట్టే వీలుంది. తోటల్లో టెస్సెల్లాటా సంతానం మరీ పెద్దది. సింగపూర్, థాయిలాండ్ నర్సరీల్లో వాసన కోసం ప్రసిద్ధికెక్కిన వాండా మిమి పామర్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి మన టెస్సెల్లాటాయే. వాసన అక్కడి నుంచే వచ్చింది. నర్సరీవాళ్లు దీన్ని వాడుకున్నంతగా మనవాళ్లు గుర్తించలేదు.

మిస్ జోకిం వివాదం

సహజమా, కృత్రిమమా అని తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి సింగపూర్ జాతీయ పుష్పాన్ని మించిన కథ లేదు. 1893లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ అధిపతి హెన్రీ రిడ్లీ ఒక కొత్త ఆర్కిడ్‌ను వర్ణించి వాండా మిస్ జోకిం అని పేరు పెట్టాడు. అది అక్కడి ఆర్మీనియన్ కుటుంబానికి చెందిన ఆగ్నెస్ జోకిం తోటలోది. తల్లిదండ్రులు టెరెస్, హుకేరియానా. ఈ రెండూ నేడు వాండా నుంచి విడదీసిన పాపిలియోనాంథే ప్రజాతిలో ఉన్నాయి. ఆమే సంకరపరిచిందని రిడ్లీ రాశాడు. కానీ తర్వాతి తరాల్లో కొందరు ఆ మాటను నమ్మలేదు. తోటలో పక్కపక్కనే ఉన్న రెండు మొక్కల మధ్య తుమ్మెద తిరిగి పనికానిచ్చిందనీ, ఆమె కేవలం పువ్వును చూసిందనీ ప్రచారం చేశారు. ఒక మహిళ ఇంటి తోటలో ఆ పని చేసి ఉంటుందని ఒప్పుకోవడానికి వాళ్లకు అంత ఇబ్బందెందుకో ఆలోచించాల్సిన విషయమే.

తుమ్మెద వాదం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. వడ్రంగి తేనెటీగ అని కూడా పిలిచే నల్లటి లావుపాటి తుమ్మెదలు ఈ పువ్వుల మీద వాలతాయి. అయితే టెరెస్ ఈశాన్య భారతం, మయన్మార్, థాయిలాండ్ ప్రాంతాలది. హుకేరియానా మలయా, బోర్నియో, సుమత్రా చిత్తడి నేలలది. సింగపూర్‌లో అవి కలిసింది మనిషి నాటినందువల్లే. కాబట్టి తుమ్మెదే చేసినా అడవి సంకరం అనలేం. 2011లో ప్రచురించిన ఒక జన్యు పరిశోధన హరితరేణువుల డీఎన్‌ఏను పరీక్షించి, విత్తనం మోసింది టెరెస్ అని, పుప్పొడి హుకేరియానాది అని చూపింది. 1981 ఏప్రిల్ 15న జాతీయ పుష్పంగా ప్రకటించిన ఈ మొక్కకు ఆగ్నెస్ జోకింనే సృష్టికర్తగా 2016లో సింగపూర్ అధికారికంగా గుర్తించింది. ఈ ఆర్కిడ్‌ను ఇప్పటికీ కాండపు ముక్కలతోనే పెంచుతారు. కాబట్టి తోటల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఒక మొక్క నుంచి వచ్చినవే.

అడవిలో నిలవడం

పుట్టడం ఒక ఎత్తు, నిలవడం మరో ఎత్తు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని హార్ట్స్‌లాక్ అభయారణ్యంలో లేడీ ఆర్కిడ్, మంకీ ఆర్కిడ్ కలిసి పుట్టిన సంకరం 2006లో పూసింది. చూసేవాళ్లకు పండగే. కానీ అక్కడి అరుదైన మంకీ ఆర్కిడ్ వంశాన్ని సంకరం కలిపేసుకుంటుందేమోనన్న బెంగ సంరక్షకులకు పట్టుకుంది. రెండు జాతుల్లో ఒకటి బాగా తక్కువైతే సంకరం దానికి ప్రమాదమే.

సంకరం స్వతంత్ర జాతిగా స్థిరపడాలంటే సాధారణంగా క్రోమోజోముల సంఖ్య రెట్టింపు కావాలి. రెండు జాతుల క్రోమోజోములు ఒక కణంలో ఉన్నా, పుప్పొడి తయారయ్యే వేళ ఒకదానికొకటి జత కుదరవు, విత్తనం పడదు. రెట్టింపయితే ప్రతిదానికీ దాని జోడీ దొరుకుతుంది. అమెరికా పడమటి రాష్ట్రాల నదీతీరాల్లో పెరిగే స్పైరాంథెస్ డిలూవియాలిస్ ఈ తోవన పుట్టింది. దాని మూల జాతుల్లో ఒకదానికి 30 క్రోమోజోములు, మరోదానికి 44, సగాలు 15, 22 కలిసి 37, రెట్టింపు 74. దీన్ని 1984లో ప్రత్యేక జాతిగా వర్ణించారు, 1992లో సంరక్షిత మొక్కల జాబితాలో చేర్చారు. ఐరోపా పచ్చికబయళ్ల డాక్టిలోరైజా ఆర్కిడ్లలో పలు జాతులు కూడా ఇలాగే రెట్టింపు సంకరాలు.

ఆదోని చేలలో రెండు ఉదాహరణలు

ఇదే లెక్క ఆదోని పత్తికీ వర్తిస్తుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లావి. అందుకే ముంగారి, హింగారి వాన కాలాలూ, వాటి పేరుతో అమ్మిన పత్తులూ రెండు జిల్లాలకూ ఉమ్మడివి. ముంగారి, వెస్టర్న్స్ అనేవి దేశవాళీ పత్తులు. వీటికి 26 క్రోమోజోములుంటాయి. ఇప్పుడు యార్డుకు వచ్చేది దాదాపు అంతా అమెరికన్ పత్తి, దానికి 52. ఈ 52 ఎక్కడి నుంచి వచ్చాయి? సుమారు 10 నుంచి 20 లక్షల ఏళ్ల కిందట, ఆసియా, ఆఫ్రికా పత్తులకు దగ్గరి చుట్టమైన జాతి ఒకటి, పెరూ దేశపు గాసిపియం రైమాండీకి దగ్గరి చుట్టమైన జాతి మరొకటి అమెరికా ఖండంలో కలిశాయి. 13, 13 కలిసి 26, రెట్టింపయి 52. మొదటిది సముద్రం దాటి అంత దూరం ఎలా వెళ్లిందన్నది ఈనాటికీ పరిశోధకులు వాదించుకునే సంగతి. జె.ఓ. బీస్లీ, ఎస్.సి. హార్లండ్ 1940లో వేర్వేరుగా, ఆసియా రకాన్నీ అమెరికా అడవి రకాన్నీ సంకరపరచి క్రోమోజోములు రెట్టింపు చేసి ఈ ఊహను బలపరిచారు. సీడెన్ ఫెలనాప్సిస్‌కు చేసిన పని బీస్లీ, హార్లండ్ పత్తికి చేశారు.

దీనికో ఫలితం చేనులోనే కనబడుతుంది. దేశవాళీ పత్తీ అమెరికన్ పత్తీ గట్టు ఇటూ అటూ ఉన్నా, తేనెటీగలు రెండింటి మీదా తిరిగినా, అవి కలిసిపోవు. 13, 26 కలిసిన 39 క్రోమోజోముల మొక్క పుట్టినా గొడ్డుదే. ఒఫ్రిస్‌లో కాపలా ఈగ చేతిలో ఉంటే, పత్తిలో కాపలా కణం లోపలే ఉంది. అడవిలో సులువుగా కలిసిన ఆర్కిడ్ సంకరాల్లో కొన్ని ఒక్క తరంతోనే ఆగిపోగా, అతి కష్టంగా ఒక్కసారి కుదిరిన పత్తి సంకరం భూగోళాన్నే ఆక్రమించింది.

అదే అమెరికన్ పత్తిలోని రకాలకు మనుషులు చేసే సంకరానికి కర్నూలు జిల్లా చాలా కాలం ప్రధాన కేంద్రం. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4, ఆ తర్వాత ధార్వాడ్‌లో అమెరికన్ పత్తినీ ఈజిప్షియన్ పత్తినీ కలిపి తయారైన వరలక్ష్మి దారి చూపాక విత్తనోత్పత్తి విస్తరించింది. పనికి ఇక్కడి పేరు క్రాసింగ్. మర్నాడు విచ్చుకునే ఆడ మొగ్గను సాయంత్రమే పట్టుకుని, రేకులతో పాటు కేసరాల గొట్టాన్ని గోరుతో గిల్లేయాలి. పొద్దున మగ సాళ్ల నుంచి తెచ్చిన పువ్వును దానికి తాకించాలి. ఒక మగ పువ్వుతో నాలుగైదు ఆడ పూలు అవుతాయి. రోజూ వందల మొగ్గలు. వేళ్లు చిన్నవి, కూలి తక్కువ అని ఈ పనికి బడి మాన్పించి ఆడపిల్లల్ని దింపారు. ఆ చరిత్ర కర్నూలు జిల్లాకు మచ్చగా నిలిచి, పోరాటాల తర్వాత తగ్గుముఖం పట్టింది. ఆర్కిడ్ పువ్వులో తుమ్మెద ఊరికే చేసే పనికి ఇక్కడ పెట్టిన వెల అది.

రెండో ఉదాహరణ వేరుశనగ, ఇక్కడివాళ్ల మాటలో బుడ్డలు. పత్తితో పాటు ఆదోని యార్డుకు బండ్లకొద్దీ వచ్చేది ఇదే. దీని పుట్టుక ఇంకా ఈమధ్యది. పదివేల ఏళ్ల లోపే. దక్షిణ అమెరికాలోని అరాచిస్ డురానెన్సిస్, అరాచిస్ ఇపాయెన్సిస్ అనే అడవి జాతులు, చెరో 20 క్రోమోజోములవి, కలిసి రెట్టింపై 40 క్రోమోజోముల వేరుశనగ అయింది. ఇపాయెన్సిస్ బొలీవియాలో ఒక్క చోటే దొరికింది. మనుషులే దాన్ని అక్కడికి మోసుకెళ్లి నాటి ఉంటారని 2016లో వెలువడిన జన్యు పటాల పరిశోధన సూచించింది. అడవి జాతులు పెరటి పక్కన కలవడంలో ఆగ్నెస్ జోకిం తోటకూ ఆ బొలీవియా చోటుకూ పెద్ద తేడా లేదు.

ఒకే కలయిక నుంచి వచ్చినందువల్ల వేరుశనగ వంశం ఇరుకైనది. తిక్క ఆకుమచ్చ తెగులు సీమ చేలను ఏటా కాల్చడానికి ఈ ఇరుకుతనం ఒక కారణం. తెగులు తట్టుకునే గుణం అడవి చుట్టాల్లో ఉంది. కానీ 20 క్రోమోజోముల మొక్కను 40 క్రోమోజోముల మొక్కతో నేరుగా కలిపితే వచ్చేది సాధారణంగా గొడ్డు మొక్కే. అందుకే బ్రీడర్లు రెండు అడవి జాతుల్ని కలిపి, క్రోమోజోములు రెట్టింపు చేసి, అలా వచ్చిన మొక్కను పంట రకంతో కలుపుతారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో అరాచిస్ అడవి జాతులను ఇందుకోసమే దాచి ఉంచారు.